ఉబుంటు 22.04 నుంచి 24.04కి: ఉన్నదాని మీదే అప్‌గ్రేడా, తుడిచేసి కొత్తగా ఇన్‌స్టాలా?

ఉబుంటు 22.04 ఉన్న ల్యాప్‌టాప్‌లో ఏదో పని చేసుకుంటుంటే మధ్యలో చిన్న విండో ఒకటి వస్తుంది. కొత్త వెర్షన్ సిద్ధంగా ఉంది, అప్‌గ్రేడ్ చేస్తారా అని అడుగుతుంది. చాలామంది 'తర్వాత' నొక్కి మూసేస్తారు. నెలల తరబడి అలా నొక్కినవాళ్లలో నేనూ ఒకణ్ణి. అప్‌గ్రేడ్ అంటే నాకు భయం లేదు. అది సగంలో ఆగిపోతే ఏం చేయాలో తెలియదు, అదీ టెన్షన్.

తెలిసినవాళ్లను అడిగితే ఒకరు "అంతా తుడిచి కొత్తగా వేసుకో, హాయిగా ఉంటుంది" అంటారు. ఇంకొకరు "ఎన్నేళ్ల నుంచో అప్‌గ్రేడే చేస్తున్నా, ఏమీ కాలేదు" అంటారు. ఇద్దరి మాటా నిజమే, ఎవరి మెషీన్ వారిది. రెండుమూడుసార్లు చేతులు కాల్చుకున్నాక నాకు కుదిరిన పద్ధతి ఇది: రీఇన్‌స్టాల్ చేయబోతున్నట్టే అన్నీ సర్దుకుని, అప్పుడు అప్‌గ్రేడ్ మొదలుపెట్టడం. సవ్యంగా జరిగితే సంతోషం. చెడితే, అన్నీ సర్ది పెట్టుకున్నారు కాబట్టి ఆ పూటే కొత్తగా వేసుకోవచ్చు.

ఒక్క మాట. కమాండ్లను ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను. టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే కొట్టాలి.

## ముందు తేల్చుకోవాల్సింది

అసలు తొందర ఉందా? ఉబుంటు ఎల్‌టీఎస్ (ఎక్కువకాలం సపోర్ట్ ఉండే) వెర్షన్లకు మామూలు సపోర్ట్ 5 ఏళ్లు. 2022 ఏప్రిల్‌లో వచ్చిన 22.04కి అది 2027 వరకూ ఉంటుంది. ఉబుంటు ప్రో అనే సబ్‌స్క్రిప్షన్ తీసుకుంటే సెక్యూరిటీ అప్‌డేట్లు మొత్తం 10 ఏళ్లు వస్తాయి. సొంత వాడకానికి 5 మెషీన్ల వరకూ అది ఉచితమే. పరీక్షల ముందో, ప్రాజెక్ట్ డెలివరీ ముందో ఈ పని పెట్టుకోకండి. శనివారం పొద్దున మొదలుపెడితే ఏమైనా అయినా చేతిలో ఆదివారం ఉంటుంది.

ఎల్‌టీఎస్ నుంచి ఎల్‌టీఎస్‌కి ఒక్కో మెట్టే ఎక్కాలి. 20.04లో ఉన్నవాళ్లు నేరుగా 24.04కి దూకలేరు, మధ్యలో 22.04 మీద ఆగాల్సిందే. రెండు అప్‌గ్రేడ్‌లంటే ప్రమాదమూ రెండింతలే. కాబట్టి రెండు మెట్లు వెనకబడ్డవాళ్లకు నా సలహా మొహమాటం లేకుండా రీఇన్‌స్టాలే. ఇంకొన్ని సందర్భాల్లో కూడా అప్‌గ్రేడ్ గురించి ఆలోచించే పనే లేదు. డిస్క్ మొత్తానికి ఎన్‌క్రిప్షన్ పెట్టాలనుకుంటే, పార్టిషన్లు మొదట్లోనే తప్పుగా కోసుకుని రూట్‌కి (సిస్టమ్ ఉండే పార్టిషన్‌కి) 20 జీబీ ఇచ్చి ఇరుక్కుపోతే, ఉబుంటు వదిలి డెబియన్, ఫెడోరా లాంటి వేరే లినక్స్‌కి వెళ్తుంటే కొత్తగా వేసుకోవడమే దారి. మెషీన్‌లోకి ఎవరో చొరబడ్డారన్న అనుమానం ఉన్నా అంతే. చొరబడినవాడు ఏం దాచిపెట్టి వెళ్లాడో మనకు తెలియదు, అప్‌గ్రేడ్ దాన్ని అలాగే కొత్త వెర్షన్‌లోకి మోసుకొస్తుంది.

అప్‌గ్రేడ్ ఎవరికి నప్పుతుందంటే, సాఫ్ట్‌వేర్ అంతా దాదాపు ఉబుంటు సొంత రిపాజిటరీల (సాఫ్ట్‌వేర్ భాండాగారాల) నుంచే వేసుకున్నవాళ్లకు. పీపీఏలు (బయటివాళ్లు నడిపే రిపాజిటరీలు) ఎన్ని ఎక్కువుంటే అది అంత కష్టం. మీ లెక్క చూసుకోవాలంటే '/ఈటీసీ/ఆప్ట్/సోర్సెస్.లిస్ట్.డీ' ఫోల్డర్ తెరవండి. అందులో రెండు మూడు ఫైళ్లుంటే ఫరవాలేదు. పదిహేను ఉండి, వాటిలో సగం ఎందుకు పెట్టారో మీకే గుర్తు లేకపోతే రీఇన్‌స్టాల్ వైపు మొగ్గండి.

సర్వర్ల సంగతి వేరు. క్లౌడ్‌లో ఉన్న సర్వర్‌ను అక్కడికక్కడే అప్‌గ్రేడ్ చేయడం కన్నా, 24.04తో పక్కనే కొత్త మెషీన్ లేపి, అప్లికేషన్ దాని మీద ఆడించి చూసి, అప్పుడు ట్రాఫిక్ మళ్లించడం మేలు. నాలుగు రోజులు రెండింటికీ అద్దె కట్టాల్సి వచ్చినా పాతది చెక్కుచెదరకుండా ఉంటుంది.

## సర్దుకోవడం: ఏ దారికైనా ఇది తప్పదు

పనిలో సగం ఇక్కడే ఉంది, తొందరపడకండి.

టైమ్‌షిఫ్ట్ ఉంది కదా, బ్యాకప్ ఎందుకు అనుకునేవాళ్లు చాలామంది. టైమ్‌షిఫ్ట్ తీసేది సిస్టమ్ ఫైళ్ల స్నాప్‌షాట్. మీ హోమ్ ఫోల్డర్‌ను అది మామూలుగా ముట్టుకోదు. పిల్లల ఫోటోలు అందులో ఉంటాయనుకుని డిస్క్ ఫార్మాట్ చేశారో, ఇక అంతే సంగతులు. పైగా ఆర్‌సింక్ పద్ధతిలో తీసే స్నాప్‌షాట్‌కు ఈఎక్స్‌టీ4 లాంటి లినక్స్ ఫైల్‌సిస్టమ్ కావాలి, విండోస్ కోసం ఫార్మాట్ చేసిన ఎక్స్‌టర్నల్ డ్రైవ్ మీద కుదరదు. టైమ్‌షిఫ్ట్ తీసుకోండి, మంచిదే. దానితో పాటు హోమ్ ఫోల్డర్‌ను వేరే డ్రైవ్ మీదకు కాపీ చేయండి. ఆ డ్రైవ్ ఎన్‌టీఎఫ్ఎస్‌దో ఎక్స్‌ఫ్యాట్‌దో అయితే ఫైళ్ల పర్మిషన్లు పోతాయి కాబట్టి, విడివిడిగా కాకుండా టార్ ఫైల్‌గా, అంటే ఒకే మూటగా, కట్టి పెట్టండి.

హోమ్‌లో దాగి ఉన్నవాటినే జనం మర్చిపోతారు. 'డాట్ ఎస్ఎస్‌హెచ్', 'డాట్ జీఎన్‌యూపీజీ' ఫోల్డర్లు (మీ లాగిన్, ఎన్‌క్రిప్షన్ కీలు ఉండేవి) ముందు చూసుకోండి. 22.04 నుంచి ఫైర్‌ఫాక్స్ స్నాప్‌గా (ఉబుంటు సొంత ప్యాకేజీ రూపంలో) వస్తోంది కాబట్టి మీ బుక్‌మార్కులు, పాస్‌వర్డ్‌లు పాత 'డాట్ మొజిల్లా' ఫోల్డర్‌లో లేవు. హోమ్‌లోని 'స్నాప్/ఫైర్‌ఫాక్స్/కామన్' కింద ఉన్నాయి. ఇది తెలియక ఖాళీ ఫోల్డర్‌ను భద్రంగా బ్యాకప్ తీసుకున్న ఘనుణ్ణి నేను.

హోమ్ బయట ఉన్నవి కూడా చూడండి. '/ఈటీసీ' మొత్తం తీసుకోండి, అది పెద్ద సైజేమీ కాదు. వైఫై పాస్‌వర్డ్‌లు, వేరే డిస్కులను మౌంట్ చేసే ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైలు అందులోనే ఉంటాయి. చేత్తో వేసుకున్న సాఫ్ట్‌వేర్ '/ఆప్ట్', '/యూఎస్ఆర్/లోకల్' కింద ఉంటుంది. 'క్రాన్‌ట్యాబ్ -ఎల్' కొట్టి వచ్చినదాన్ని (వేళకు వాటంతటవే నడిచే పనుల జాబితాను) ఒక ఫైల్లో దాచుకోండి. పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ లాంటి డేటాబేస్‌ల డేటా ఫోల్డర్‌ను నడుస్తుండగా కాపీ చేస్తే అది బ్యాకప్ అనిపించుకోదు. 'పీజీ_డంప్ఆల్', 'మైఎస్‌క్యూఎల్‌డంప్' వాడి డంప్ తీయండి.

ఏమేం ఇన్‌స్టాల్ చేసుకున్నారో జాబితా కూడా కావాలి. మూడు కమాండ్లు చాలు:

ఆప్ట్-మార్క్ షోమాన్యువల్
స్నాప్ లిస్ట్
ఫ్లాట్‌ప్యాక్ లిస్ట్ --యాప్

వచ్చినవి ఫైళ్లలో పెట్టి బ్యాకప్ డ్రైవ్‌లో వేయండి. చివరగా 24.04 ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ ఫైలు) దింపి, అది సరిగ్గా దిగిందో లేదో చెక్‌సమ్‌తో సరిచూసి పెన్‌డ్రైవ్ తయారు చేయండి. డెస్క్‌టాప్ ఐఎస్ఓ 6 జీబీ దాకా ఉంటుంది, 16 జీబీ పెన్‌డ్రైవ్ తీసుకుంటే ఇబ్బంది ఉండదు. అప్‌గ్రేడ్ చేసేవాళ్లకు పెన్‌డ్రైవ్ ఎందుకంటారా? మెషీన్ బూట్ కాకుండా మొరాయిస్తే, పెన్‌డ్రైవ్ చేసుకోవడానికి పక్కింటి కంప్యూటర్ వెతుక్కోవాలి కాబట్టి. దానితో ఒకసారి లైవ్‌గా బూట్ చేసి వైఫై, సౌండ్, టచ్‌ప్యాడ్ పనిచేస్తున్నాయో లేదో చూసుకోండి. కొత్త కెర్నల్‌తో (సిస్టమ్ గుండెకాయతో) మీ హార్డ్‌వేర్‌కు పడుతుందో లేదో ముందే తెలిసిపోతుంది.

విండోస్ కూడా ఉన్న ల్యాప్‌టాప్ అయితే బిట్‌లాకర్ (విండోస్ డిస్క్ ఎన్‌క్రిప్షన్) రికవరీ కీ ఫోన్‌లోనో కాగితం మీదో రాసుకోండి. బూట్ వ్యవహారంలో చిన్న మార్పు వచ్చినా విండోస్ ఆ కీ అడగొచ్చు.

## అప్‌గ్రేడ్ దారి

ముందు ఉన్న వెర్షన్‌ను పూర్తిగా తాజా చేయండి.

సుడో ఆప్ట్ అప్‌డేట్
సుడో ఆప్ట్ ఫుల్-అప్‌గ్రేడ్
సుడో ఆప్ట్ ఆటోరిమూవ్

తర్వాత రీబూట్. ఈ రీబూట్ మానేయకండి, పాత కెర్నల్ నడుస్తుండగా అప్‌గ్రేడ్ మొదలుపెట్టొద్దు. 'ఆప్ట్-మార్క్ షోహోల్డ్' కొడితే మీరెప్పుడో ఆపి ఉంచిన ప్యాకేజీలు బయటపడతాయి. కారణం గుర్తు లేకపోతే వదిలేయండి, అంటే 'అన్‌హోల్డ్' చేయండి.

'డీఎఫ్ -హెచ్' కొట్టి ఖాళీ చూసుకోండి. రూట్‌లో కనీసం 10 జీబీ ఉంటే నాకు నిశ్చింత. '/బూట్' వేరే పార్టిషన్‌గా ఉన్నవాళ్లు దాన్ని ప్రత్యేకంగా చూడాలి. పాత కెర్నళ్లు అందులో పేరుకుపోయి ఉంటే కొత్త కెర్నల్ పట్టక మధ్యలో ఆగుతుంది. పైన చేసిన ఆటోరిమూవ్ మామూలుగా ఆ చెత్త ఊడ్చేస్తుంది.

పీపీఏలను అప్‌గ్రేడ్ టూల్ తనంతట తానే ఆపేస్తుంది. కానీ వాటి నుంచి వచ్చిన ప్యాకేజీలు సిస్టమ్‌లో ఉండిపోతాయి, గొడవలు ఎక్కువగా వాటితోనే. గ్రాఫిక్స్ డ్రైవర్లు, మీసా, పీహెచ్‌పీ, పైథాన్ లాంటి మూలమైనవాటి కోసం పీపీఏ పెట్టుకుని ఉంటే 'పీపీఏ-పర్జ్' అనే టూల్‌తో ముందే తీసేయండి. అది ఆ ప్యాకేజీలను ఉబుంటు అసలు వెర్షన్లకు దించుతుంది.

ల్యాప్‌టాప్‌కు ఛార్జర్ పెట్టండి, వీలైతే వైఫై కాకుండా కేబుల్ వాడండి. ఇక అసలు కమాండ్:

సుడో డూ-రిలీజ్-అప్‌గ్రేడ్

కొత్త ఎల్‌టీఎస్ వచ్చిన మర్నాడే ఇది కొడితే కొత్త వెర్షన్ ఏదీ లేదంటుంది. మొదటి పాయింట్ రిలీజ్ (అప్పటిదాకా చేసిన సవరణలు కలిపిన వెర్షన్) వచ్చాకే పాత ఎల్‌టీఎస్ వాళ్లకు దారి తెరుస్తారు. 24.04 ఏప్రిల్ 2024లో వస్తే, 24.04.1 ఆ ఏడాది ఆగస్టు చివర్లో వచ్చింది. ఆ తర్వాత కూడా అప్‌గ్రేడ్ టూల్‌లోనే బగ్ బయటపడి కొన్నాళ్లు ఆపేశారు. అందుకే తోసుకుని వెళ్లడానికి కమాండ్ చివర '-డీ' తగిలించమని ఎవరైనా చెబితే వినకండి.

ఎస్ఎస్‌హెచ్ మీద (దూరం నుంచి లాగిన్ అయి) చేస్తుంటే, కనెక్షన్ తెగితే పనికొస్తుందని అప్‌గ్రేడ్ టూల్ 1022 పోర్టు మీద ఇంకో ఎస్ఎస్‌హెచ్ సర్వర్ లేపుతుంది. ఫైర్‌వాల్‌లో ఆ పోర్టు తెరవకపోతే దాని వల్ల ఉపయోగం లేదు. పని 'స్క్రీన్' అనే టూల్ సెషన్‌లో నడుస్తుంది కాబట్టి, తెగినా మళ్లీ లాగిన్ అయి పట్టుకోవచ్చు.

కాసేపటికి లెక్క చూపిస్తుంది: ఇన్ని ప్యాకేజీలు తీసేస్తాను, ఇన్ని కొత్తవి వేస్తాను, ఇన్నింటిని అప్‌గ్రేడ్ చేస్తాను అని. ఇక్కడ కళ్లు మూసుకుని 'వై' కొట్టకండి. 'డీ' కొట్టి, తీసేసే జాబితా చదవండి. అందులో ఉబుంటు-డెస్క్‌టాప్ లాంటి పేరు గానీ, మీరు రోజూ వాడే సాఫ్ట్‌వేర్ గానీ కనిపిస్తే 'ఎన్' కొట్టి బయటికి రండి. ఇప్పటిదాకా ఏమీ పాడవలేదు. వెనక్కి రావడానికి ఇదే ఆఖరి మలుపు.

తర్వాత డౌన్‌లోడ్, ఇన్‌స్టాల్. మధ్యలో ఏదో ఒక కాన్ఫిగ్ ఫైలు దగ్గర ఆగి అడుగుతుంది: ఈ ఫైలును మీరు మార్చారు, ప్యాకేజీతో కొత్తది వచ్చింది, ఏది ఉంచమంటారు? 'వై' అంటే కొత్తది, 'ఎన్' అంటే మీది, 'డీ' అంటే తేడా చూపించు. అలవాటుగా 'డీ' కొట్టి చూడండి. అనుమానముంటే 'ఎన్'. మీది అలాగే ఉంటుంది, కొత్తది 'డాట్ డీపీకేజీ-డిస్ట్' తోకతో పక్కన పడి ఉంటుంది, తీరిగ్గా పోల్చుకోవచ్చు. ఎస్ఎస్‌హెచ్ సర్వర్ కాన్ఫిగ్ దగ్గరైతే వేరే స్క్రీన్‌లో అడుగుతుంది. దూరంగా ఉన్న మెషీన్ అయితే అక్కడ కచ్చితంగా మీ పాతదే ఉంచండి. కొత్తది ఒప్పుకుంటే మీరు మార్చుకున్న పోర్టు, లాగిన్ నియమాలు పోయి బయటే నిలబడతారు.

చివర్లో పనికిరాని ప్యాకేజీలు తీసేయమంటారా అని అడుగుతుంది. పోస్ట్‌గ్రెస్ ఉన్నవాళ్లు ఇక్కడ 'ఎన్' కొట్టండి. 22.04లో ఉన్నది పోస్ట్‌గ్రెస్ 14, 24.04లో వచ్చేది 16. అప్‌గ్రేడ్ అయ్యాక 16 ఖాళీ క్లస్టర్‌తో (డేటా ఉండే గూటితో) పక్కన లేస్తుంది, మీ డేటా ఇంకా 14లోనే ఉంటుంది. అది చూసి డేటా పోయిందని గుండెలు బాదుకోవద్దు. డంప్ చేతిలో ఉందని ఒకసారి సరిచూసుకుని, 'పీజీ_డ్రాప్‌క్లస్టర్ 16 మెయిన్ --స్టాప్' అని ఆ ఖాళీదాన్ని తీసేసి, 'పీజీ_అప్‌గ్రేడ్‌క్లస్టర్ 14 మెయిన్' కొట్టండి. నంబర్లు తారుమారు కాకుండా చూసుకోండి. అంతా సరిగ్గా ఉందనుకున్నాక పాత 14ను సాగనంపవచ్చు.

## సగంలో కరెంటు పోతే

నాకు పోయింది. వేసవి మధ్యాహ్నం, ఇంట్లో పాత ల్యాప్‌టాప్. దాని బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది, ఛార్జర్ మీదే నడుస్తోంది. ప్యాకేజీలు ఒక్కొక్కటే సెటప్ అవుతున్నాయని లైన్లు పాకుతున్నాయి. ఫ్యాన్ ఆగింది, దానితోపాటే స్క్రీనూ నల్లబడింది. కరెంటు వచ్చాక బూట్ చేస్తే లాగిన్ స్క్రీన్ దాకా రాలేదు.

అప్పుడు చేసింది ఇది. బూట్ అవుతున్నప్పుడు ఎస్కేప్ నొక్కి గ్రబ్ (బూట్ ఎంపికల) మెనూ తెప్పించి, 'అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్'లో రికవరీ మోడ్ ఎంచుకుని, రూట్ షెల్‌లోకి వెళ్లాను. డిస్క్ రాయడానికి వీల్లేకుండా ఉంటుంది కాబట్టి ముందు 'మౌంట్ -ఓ రీమౌంట్,ఆర్‌డబ్ల్యూ /' కొట్టాను. ఆ తర్వాత వరసగా:

డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ
ఆప్ట్ --ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్
ఆప్ట్ ఫుల్-అప్‌గ్రేడ్

మొదటి కమాండే ఆగిన చోటి నుంచి ఎత్తుకుని చాలాసేపు నడిచింది. రెండోది మిగిలిన ముడులు విప్పింది. మూడోదానికి నెట్ కావాలి, కేబుల్ పెట్టి రికవరీ మెనూలోనే నెట్‌వర్క్ ఆన్ చేశాను. గంట తర్వాత మామూలుగా లాగిన్ అయ్యాను. అందరికీ ఇలా దారికొస్తుందని చెప్పను. ఒక పూట ఈ మూడింటితో కుస్తీ పట్టినా లొంగకపోతే, అక్కడితో ఆపి పెన్‌డ్రైవ్ తీయండి. విరిగిన సిస్టమ్‌తో మూడు రోజులు పోరాడటం పట్టుదల అనిపిస్తుంది గానీ, రీఇన్‌స్టాల్ రెండు గంటల పని.

## కొత్తగా వేసుకునే దారి

పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి ఇన్‌స్టాలర్ మొదలుపెట్టండి. '/హోమ్' వేరే పార్టిషన్‌గా ఉన్నవాళ్లు అదృష్టవంతులు. డిస్క్ మొత్తం తుడిచే ఆప్షన్ కాకుండా మాన్యువల్ ఇన్‌స్టలేషన్ ఎంచుకోండి. రూట్ పార్టిషన్‌కు మౌంట్ పాయింట్ '/' ఇచ్చి ఫార్మాట్‌కు టిక్ పెట్టండి. హోమ్ పార్టిషన్‌కు '/హోమ్' ఇచ్చి ఫార్మాట్ టిక్ తీసేయండి. ఈ ఒక్క టిక్ మీదే మీ డేటా ఆధారపడి ఉంది. 'ఇన్‌స్టాల్' నొక్కే ముందు వచ్చే సారాంశంలో ఏ పార్టిషన్ ఫార్మాట్ అవుతోందో వేలు పెట్టి చదవండి. విండోస్ ఉంటే ఈఎఫ్ఐ పార్టిషన్‌ను కూడా ఫార్మాట్ చేయొద్దు, విండోస్ బూట్ ఫైళ్లు అందులోనే ఉంటాయి. యూజర్ పేరు పాతదే ఇవ్వండి, లేకపోతే పాత ఫోల్డర్ ఒకవైపు, కొత్త ఖాళీ ఫోల్డర్ ఒకవైపు ఉండిపోతాయి.

హోమ్ వేరుగా లేనివాళ్లకు డిస్క్ తుడవడం, బ్యాకప్ నుంచి తెచ్చుకోవడం తప్పదు. తెచ్చుకునేటప్పుడు మొత్తం హోమ్‌ను గంపగుత్తగా కుమ్మరించకండి. డాక్యుమెంట్లు, ఫోటోలు, ఎస్ఎస్‌హెచ్ కీలు, బ్రౌజర్ ప్రొఫైల్ ముందు తీసుకోండి. 'డాట్ కాన్ఫిగ్' ఫోల్డర్ నుంచి మాత్రం అవసరమైన ప్రోగ్రామ్‌లవి ఒక్కొక్కటే తేవాలి. దాన్ని మొత్తంగా తెస్తే ఏ తలనొప్పి వదిలించుకోవాలని కొత్తగా వేసుకున్నారో అదీ వెంట వస్తుంది. కీ ఫైళ్ల పర్మిషన్ 600 ఉండాలి, లేకపోతే ఎస్ఎస్‌హెచ్ వాటిని ఒప్పుకోదు.

ప్యాకేజీల జాబితా ఉంది కదా అని మొత్తం ఆప్ట్‌కు అప్పజెప్పినా పని జరగదు. 24.04లో లేని పేరు ఒక్కటి తగిలినా ఆప్ట్ మొత్తానికే ఆగిపోతుంది. జాబితా తెరిచి, చదువుతూ, నిజంగా వాడేవి మాత్రం వేసుకోండి. నా జాబితాలో మూడొంతులు ఎందుకున్నాయో నాకే తెలియలేదు. ఎఫ్ఎస్‌ట్యాబ్ నుంచి కూడా మీ అదనపు డిస్కుల లైన్లే కాపీ చేయండి. రూట్ లైన్ పాతది పెడితే, ఫార్మాట్ చేసినప్పుడు యూయూఐడీ (పార్టిషన్ గుర్తింపు సంఖ్య) మారిపోయి ఉంటుంది కాబట్టి బూట్ కాదు.

## ఏ దారిన వచ్చినా చూసుకోవాల్సినవి

'సిస్టమ్‌సీటీఎల్ --ఫెయిల్డ్' కొడితే లేవని సర్వీసులు తెలుస్తాయి. అప్‌గ్రేడ్ చేసినవాళ్లు ఆగిన పీపీఏల్లో కావలసినవి మాత్రం, వాటికి 24.04 వెర్షన్ ఉందో లేదో చూసుకుని తిరిగి తెరవాలి.

పైథాన్ 3.10 నుంచి 3.12 అయింది. పాత వర్చువల్ ఎన్విరాన్‌మెంట్లు పనిచేయవు, తీసేసి మళ్లీ కట్టుకోవాలి. ఇంతకుముందులా ఎక్కడపడితే అక్కడ పిప్ ఇన్‌స్టాల్ కొడితే సిస్టమ్ ఒప్పుకోదు, వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ చేసుకోమంటుంది. పీహెచ్‌పీ 8.1 నుంచి 8.3 అయింది కాబట్టి సొంత వెబ్‌సైట్ నడిపేవాళ్లు ముందు ఎర్రర్ లాగ్ తెరవండి. డెస్క్‌టాప్‌ను నడిపే గ్నోమ్ 42 నుంచి 46కి దూకింది, మధ్యలో 45 దగ్గర ఎక్స్‌టెన్షన్లు రాసే తీరే మారిపోయింది. పాతవి నడవవు, కొత్త వెర్షన్లు దింపుకోవాలి. యాప్‌ఇమేజ్‌లు (ఒకే ఫైలుగా వచ్చే ప్రోగ్రామ్‌లు) తెరుచుకోకపోతే 'లిబ్‌ఫ్యూజ్2టీ64' ప్యాకేజీ వేసి చూడండి.

ఇక మన తెలుగు. ఐబస్ అనే టైపింగ్ సాధనంలో ఎం17ఎన్ ద్వారా టైప్ చేసేవాళ్లు కొత్తగా వేసుకున్నాక 'ఐబస్-ఎం17ఎన్' ప్యాకేజీ వేసి, ఒకసారి లాగౌట్ అయి వచ్చి, సెట్టింగ్స్‌లో కీబోర్డ్ దగ్గర తెలుగు లేఅవుట్‌ను తిరిగి చేర్చుకోవాలి. ఇన్‌స్క్రిప్ట్ వాడేవాళ్లకు అది అక్కర్లేదు, ఆ లేఅవుట్ సిస్టమ్‌తోనే వస్తుంది. 'ఫాంట్స్-తెలు', 'ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రా' ప్యాకేజీలతో ఫాంట్లు కొన్ని వస్తాయి. మీరు చేత్తో దింపుకున్నవి హోమ్‌లోని 'డాట్ ఫాంట్స్'లోనో 'డాట్ లోకల్/షేర్/ఫాంట్స్'లోనో ఉంటాయి. అవి తెచ్చుకునేదాకా పాత లిబ్రెఆఫీస్ ఫైళ్లు వేరే ఫాంట్‌లోకి మారి పేజీలు అటూ ఇటూ జరిగిపోతాయి. కంగారుపడి ఆ ఫైళ్లను సరిచేసి సేవ్ చేయకండి. ఫాంట్ కాపీ చేసి 'ఎఫ్‌సీ-క్యాష్ -ఎఫ్' కొట్టి మళ్లీ తెరిస్తే ఎప్పటిలాగే ఉంటాయి.

బ్యాకప్ డ్రైవ్‌ను ఒక నెల పాటు తుడవకండి. నాకు '/యూఎస్ఆర్/లోకల్/బిన్'లో దాచుకున్న చిన్న స్క్రిప్ట్ ఒకటి ఇరవై రోజుల తర్వాత, కరెంటు బిల్లుల పీడీఎఫ్‌లు కలపాల్సి వచ్చినప్పుడు గుర్తొచ్చింది. డ్రైవ్ ఇంకా అలమరలోనే ఉంది కాబట్టి సరిపోయింది.